మాటల పరీక్షలో జోడీ

సైన్సు పాఠాలు వచ్చే సెప్టెంబరు నుంచి స్పానిష్‌లో కాక ఇంగ్లీషులోనే చెప్పాలని డైరెక్టరు హినేస్ కాగితం చదివి వినిపించిన రోజున, ఉపాధ్యాయుల గదిలో మొదట నోరు విప్పినవాడు బ్లాస్.

“అంటే మిడతకి ఎన్ని కాళ్ళో మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టాలన్నమాట. ఇంగ్లీషులో ఎనిమిదేమో, ఎవడికి తెలుసు?”

అందరూ గొల్లున నవ్వారు. ఎన్కార్నా కూడా నవ్వింది గానీ ఆమె చూపు డైరెక్టరు చేతిలోని కాగితం మీదే ఉంది. ఎగువ మధ్యమ స్థాయి ఇంగ్లీషు సర్టిఫికెట్, అందరూ బీ-టూ అని పిలిచేది, జూలై ఆఖరులోగా తెచ్చినవాళ్ళే సైన్సు చెబుతారు. తేలేనివాళ్ళకు ‘బడి అవసరాన్ని బట్టి వేరే పనులు’. వేరే పనులంటే ఏమిటో ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం భోజనశాలలో పిల్లల మీద కాపలా, లైబ్రరీ తాళాలు, సగం గంటలు, సగం జీతం.

ఆ బడిలో సైన్సు చెప్పేవాళ్ళు ఇద్దరే. బ్లాస్ కెసాదాకు యాభై ఏడేళ్ళు. ఇరవై నాలుగేళ్ళుగా అక్కడే ఉన్నాడు. ఎన్కార్నా మోలేరోకు నలభై ఎనిమిది. ఆమె వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. ఇద్దరి తరగతి గదులకు మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ గోడ అవతలి నుంచి పిల్లల కేకలు ఆమెకు వినిపించని రోజు లేదు. అల్లరి కేకలు కావవి, ఏదో కళ్ళారా చూసినప్పుడు వేసే కేకలు. బ్లాస్ పుస్తకం తెరవడం తక్కువ. ప్లాస్టిక్ సీసాలకు చిల్లులు పొడిపించి, బడి వెనక ఆలివ్ చెట్లకు వేలాడదీయించి, ప్రతి సోమవారం వాటిలో పడ్డ, కాయలు పాడుచేసే ఈగలను పిల్లల చేత లెక్కపెట్టించేవాడు. ఈ వారం ఇన్ని పడ్డాయి, మందు కొట్టే వేళయిందని ఆ పదేళ్ళ పిల్లలు ఇళ్ళకు వెళ్ళి తాతలకు చెప్పేవారు. తాతలు వినేవారు కూడా.

ఎన్కార్నా చెడ్డ టీచరేమీ కాదు. పాఠం చదివించేది, ప్రశ్నలు రాయించేది, సిలబస్ గడువులోపల ముగించేది. కానీ చేరికల రోజుల్లో తల్లులు ఆఫీసు కిటికీ దగ్గర గొంతు తగ్గించి అడిగే మాట ఆమె చెవిన పడుతూనే ఉండేది: “మా పాపని బ్లాస్ మాష్టారి సెక్షన్‌లో వెయ్యడం కుదురుతుందాండీ?” ఆమె సెక్షన్ కావాలని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు, అనవలసినంత పెద్ద సంగతిగా తనకు తాను కూడా ఒప్పుకోలేదు.

ఇద్దరూ కలిసే కోచింగ్‌లో చేరారు. హాయెన్ నగరం నలభై కిలోమీటర్లు. మంగళ, గురువారాల్లో బడి వదలగానే బ్లాస్ కారులో బయలుదేరేవారు. కోచింగ్‌లో చెప్పేది ఓర్లా అనే ఐర్లండు అమ్మాయి. పాతికేళ్ళకు మించని ఆ పిల్ల మొదటి రోజునే వాళ్ళిద్దరి మాటా విని విషయం తేల్చేసింది. మాటల పరీక్ష ఒంటరిగా ఉండదు. ఇద్దరిద్దర్ని జోడీగా లోపలికి పిలుస్తారు. ఎవరి గురించి వాళ్ళు చెప్పుకోవాలి, ఇచ్చిన ఫోటోల గురించి చెరో నిమిషం మాట్లాడాలి, ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఒక విషయం చర్చించి తేల్చాలి. పద్నాలుగు నిమిషాల్లో అంతా ఐపోతుంది.

“మీరిద్దరూ ఒకే జోడీగా వెళ్ళండి, పరీక్ష వాళ్ళకి నేను రాస్తాను,” అంది ఓర్లా తన వంకర స్పానిష్‌లో. “ఎన్కార్నా దగ్గర మాటలున్నాయి. బ్లాస్ దగ్గర చెప్పడానికి విషయం ఉంది. ఇద్దర్నీ కలిపితే ఒక మంచి అభ్యర్థి తయారవుతాడు.”

“మరి సర్టిఫికెట్ చెరి సగం చింపుకోవాలా?” అన్నాడు బ్లాస్.

ఓర్లా నవ్వింది గానీ వెంటనే వేలు చూపించింది. “మీతోనే నా భయం. మీరు ఆలోచించి మాట్లాడతారు. అక్కడ ఆలోచించకూడదు. తప్పు మాట్లాడినా ఎంతో కొంత వేస్తారు. మౌనానికి మాత్రం మార్కుల్లేవు.”

ఆ మాట నిజమే. బ్లాస్ స్పానిష్‌లోనే నిదానం. అడిగిన ప్రశ్నను కాసేపు నోట్లో పెట్టుకుని, రుచి చూసి, అప్పుడు గానీ జవాబివ్వడు. ఇంగ్లీషులో ఆ నిదానం మూడింతలైంది. ఎన్కార్నా సంగతి వేరు. ఆమె ఎనభై వాక్యాలు కంఠతా పట్టింది. ఏ బొమ్మ చూపించినా, ఏ ప్రశ్న వేసినా ఆ ఎనభైలో ఒకటి గడగడా బయటికి వచ్చేది.

కారులో ఒక నియమం పెట్టుకున్నారు. ఊరి బయట నది వంతెన దాటిన దగ్గర్నుంచి హాయెన్ వచ్చేదాకా స్పానిష్ నిషేధం. వంతెన ఎక్కగానే బ్లాస్ హారన్ కొట్టేవాడు. అక్కణ్ణుంచి నలభై నిమిషాలు ఇద్దరూ పరాయి భాషలో కుస్తీ పట్టేవారు. ఒక ఒప్పందానికి కూడా వచ్చారు. పరీక్షలో బ్లాస్ మధ్యలో ఆగిపోతే ఎన్కార్నా మనసులో అయిదు లెక్కపెట్టాలి. అప్పటికీ రాకపోతే అతని నోటికి అందేలా ఒక చిన్న ప్రశ్న విసరాలి. ఎన్కార్నాకు చెప్పడానికి ఏమీ తోచకపోతే బ్లాస్ ఒక ఆలోచన అందించాలి.

ఆదివారాలు బ్లాస్ ఇంట్లో సాధన. అతని భార్య తోన్యీకి ఇంగ్లీషు ముక్క రాదు గానీ గుడ్లు ఉడికించడానికి వాడే గంట చేత్తో పట్టుకుని, నిమిషం లెక్క చూసేది. పాత పత్రికల్లోంచి కత్తిరించిన ఫోటోలు రెండేసి బల్ల మీద పరిచేవారు. ఒక రోజు ఒక ఫోటోలో ఏటి ఒడ్డున భోజనం చేస్తున్న కుటుంబం, రెండో దానిలో హోటల్లో కూర్చున్న భార్యాభర్తలు.

“మొదటి చిత్రమునందు ఒక కుటుంబము ఆరుబయట భుజించుచున్నది,” అని ఎన్కార్నా ఇంగ్లీషులో అందుకుంది. “దీనికి భిన్నముగా, రెండవ చిత్రమునందు దంపతులు ఒక భోజనశాలయందు ఉన్నారు. నా అభిప్రాయము ప్రకారము, రెండింటికినీ లాభములు కలవు, నష్టములు కలవు.” గంట మోగేదాకా ఎక్కడా ఆగలేదు.

బ్లాస్ వంతు వచ్చింది. అతను రెండో ఫోటోను చేతిలోకి తీసుకున్నాడు. “ఈ మనిషి…” అన్నాడు. చాలాసేపు చూశాడు. “ఈ మనిషి భార్యను చూడడు. రొట్టెను చూచును. అతడు…” గంట మోగింది.

“గుడ్డు ఉడికిందయ్యా, నీ వాక్యం ఇంకా ఉడకలేదు,” అంది తోన్యీ. “ఈయన పెళ్ళికి నన్నడగడానికి పట్టిన టైములో మా అక్కకి ఇద్దరు పిల్లలు పుట్టారమ్మాయ్, నువ్వేమో ఇంగ్లీషు నేర్పిస్తానంటున్నావు!”

ముగ్గురూ పడీపడీ నవ్వారు. తోన్యీ టమాటా ముక్కల్లో ఆలివ్ నూనె ధారగా పోసి, రొట్టె విరిచి ముందు పెట్టింది. తింటున్నంతసేపూ ఎన్కార్నా ఆ ఫోటోనే చూసింది. నిజమే, అతను రొట్టెనే చూస్తున్నాడు. ఆమె నిమిషమంతా మాట్లాడింది గానీ ఆ సంగతి ఆమె కంట పడనేలేదు.

బ్లాస్‌కు బాగా ఇష్టమైన కథ ఒకటుంది. కారులో దాన్ని ఇంగ్లీషులో చెప్పాలని ఏప్రిల్ నెలంతా పెనుగులాడాడు. పురుగంటే హడలిపోయే పిల్లాడెవడైనా తరగతిలో ఉంటే, వాడి అరచేతిలో పేడపురుగును పెట్టి పిడికిలి బిగించమంటాడు. పురుగు ఊరుకోదు. వేళ్ళ సందుల్లో తల దూర్చి తోస్తుంది. అంత చిన్న ప్రాణి అంత బలంగా తోస్తుంటే పిల్లాడి మొహంలో భయం పోయి ఇంకేదో వస్తుంది. ఆ రోజు నుంచి వాడు పురుగును తొక్కడు. కథంతా ఎలాగో లాక్కొచ్చేవాడు గానీ ‘పిడికిలి’ దగ్గర బండి ఆగిపోయేది. ఇంగ్లీషులో అది చాలా చిన్న మాట. ఎన్కార్నా నిఘంటువు చూసి చెప్పింది. మర్నాటికి మరిచిపోయేవాడు. ఆమె మళ్ళీ చెప్పేది. స్టీరింగ్ వదిలేసి చెయ్యి బిగించి చూపిస్తూ, “ఇదీ, ఇదీ!” అనేవాడు.

“రోడ్డు చూడు బ్లాస్, నీ పురుగు మనల్ని చంపేస్తుంది!” అని ఆమె స్పానిష్‌లో అరిచేది. నియమం తప్పినందుకు ఆ పూట కాఫీ ఆమె ఖర్చు.

మే నెల పద్దెనిమిదో తేదీ, గురువారం ఉదయం, హినేస్ ఆమెను తన గదికి పిలిచాడు. నలభై నిండని మనిషి. ఎప్పుడూ పలచని నవ్వొకటి మొహాన అంటించుకుని ఉంటాడు.

“కూర్చోండి ఎన్కార్నా. వచ్చే ఏడు పిల్లలు తగ్గుతున్నారు. సెక్షన్లు కలిపేస్తున్నాం. సైన్సుకి ఒక్క పోస్టే మిగిలేట్టుంది.”

“మేమిద్దరం పాసైతే?” అంది ఆమె.

“సీనియారిటీ చూడాలి. బ్లాస్‌కే వస్తుంది. నేనేం చెయ్యలేను.”

“ఆయనకి చెప్పారా?”

“పరీక్ష ముందు ఆయన్ని కంగారుపెట్టడమెందుకు? అసలే మాట తడబడే మనిషి. మీరు నిబ్బరం గలవారని చెప్పాను. మన మధ్యే ఉండనివ్వండి.” తలుపు దాకా సాగనంపుతూ ఒక మాట కలిపాడు. “మీ ఇంగ్లీషు బాగా నడుస్తోందట కదా. తల్లిదండ్రులకి అలాంటివాళ్ళే కావాలి.”

ఆ రోజంతా ఎన్కార్నాకు మనసు మనసులో లేదు. బ్లాస్‌కు చెప్పేయాలనే అనుకుంది. ఏడేళ్ళ కిందట వాళ్ళమ్మకు పక్షవాతం వచ్చి ఆమె రెండు నెలలు ఆసుపత్రికి అంటుకుపోయినప్పుడు, రెండు సెక్షన్ల పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టుకుని పాఠం చెప్పినవాడు బ్లాస్. జీతం కోత పడకుండా చూసినవాడూ అతనే. సాయంత్రం కారెక్కాక చెబుతానని గట్టిగా అనుకుంది. ఊరి వీధులు దాటుతున్నంతసేపూ బ్లాస్ తోన్యీ మోకాలి నొప్పి గురించి చెప్పాడు. ఆమె మాట మొదలుపెట్టబోయేసరికి కారు వంతెన ఎక్కింది. అతను హారన్ కొట్టాడు.

“ఈ దినము నీవు ఎట్లున్నావు?” అన్నాడు ఇంగ్లీషులో, పళ్ళన్నీ బయటపెట్టి.

“నేను మిక్కిలి బాగున్నాను, ధన్యవాదములు,” అంది ఎన్కార్నా.

ఆ సంగతి చెప్పడానికి ఆమెకు ఇంగ్లీషు లేకపోలేదు. నియమం తప్పి స్పానిష్‌లో చెప్పినా కాఫీ ఖర్చుతో పోయేది. చెప్పలేదు. తర్వాతి మంగళవారం చెప్పడం ఇంకా కష్టమైంది, ఎందుకంటే గురువారం ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాల్సి వచ్చేది. జూన్ వచ్చేసరికి ఆమె ఇక ఆ ఊసే మనసులోకి రానివ్వలేదు. ఆదివారాలు తోన్యీ పెట్టింది తినడం మాత్రం మానలేదు.

పరీక్ష జూన్ మూడో శనివారం. హాయెన్‌లో ఒక కాలేజీ రెండో అంతస్తు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చున్నవాళ్ళంతా ఇరవై ఏళ్ళ పిల్లలే. బ్లాస్ పెళ్ళికి వేసుకున్నట్టు కోటు వేసుకొచ్చి చెమటలు కక్కుతున్నాడు.

“అయిదు లెక్కపెట్టు,” అన్నాడు ఆమె చెవిలో. “మరిచిపోకు. ఆ తర్వాత ఏదో ఒకటి అడుగు. ఎంత వెర్రి ప్రశ్నైనా ఫర్వాలేదు.”

“సరేలే, ఊపిరి పీల్చుకో,” అంది ఆమె.

లోపల ఇద్దరున్నారు. బల్ల అవతల ప్రశ్నలు వేసే ఆవిడ; మూలన, ఒక్క మాటా మాట్లాడకుండా మార్కులు వేసుకునే ఆయన. పరిచయాలు గడిచాయి. ఫోటోలు గడిచాయి. బ్లాస్ నిమిషంలో అయిదు వాక్యాలే చెప్పాడు గానీ అయిదూ నిలబడ్డాయి. మూలనున్న ఆయన రెండుసార్లు తలెత్తి చూశాడు. అప్పుడు ఆవిడ వాళ్ళిద్దరి మధ్య ఒక కాగితం పెట్టింది. నడి మధ్యన ఒక ప్రశ్న, చుట్టూ అయిదు మాటలు. పిల్లలకు ప్రకృతి మీద ప్రేమ కలగాలంటే ఏది మేలు: జంతు ప్రదర్శనశాలా, సినిమాలా, పుస్తకాలా, బడి తోటా, అడవిలో నడకా?

బ్లాస్ మొహం విచ్చుకుంది. తన కోసమే ఎవరో రాసినట్టుంది ఆ కాగితం. ఎన్కార్నా వైపు తిరిగి కళ్ళతోనే నవ్వాడు. తనే ముందు అందుకున్నాడు కూడా, ఎప్పుడూ అలా అందుకోనివాడు.

“ప్రేమించుటకు ముందు,” అన్నాడు ఇంగ్లీషులో, “బిడ్డ ముట్టుకొనవలెను. నేను నా తరగతియందు ఒక పురుగును తెచ్చెదను. భయపడు బాలుని చేతిలో పెట్టెదను. అప్పుడు నేను చెప్పెదను, నీ… నీ…”

కుడి చెయ్యి పైకెత్తాడు. వేళ్ళు ముడిచాడు. ఆ చిన్న మాట రాలేదు.

ఎన్కార్నా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మాట ఆమె నాలుక చివరే ఉంది. ఒక్క మాట అందిస్తే చాలు, అతను మిగతాదంతా లాక్కెళ్ళిపోతాడని ఆమెకు తెలుసు. ఎంత బాగా లాక్కెళ్తాడో కూడా తెలుసు. మూడు. బల్ల అవతలి ఆవిడ అతని చేతినే చూస్తోంది, ఏం చెబుతాడోనని కాస్త ముందుకు వంగి మరీ. ఆఫీసు కిటికీ దగ్గర ఏ తల్లీ ఎన్కార్నా కోసం అలా ముందుకు వంగలేదు. నాలుగు దాకా ఆమె వెళ్ళలేదు.

“మిక్కిలి ఆసక్తికరమైన విషయము,” అని అందుకుంది. “నా స్వానుభవమును చెప్పవలెనన్నచో, నేను ఒక పేడపురుగును బాలుని పిడికిలియందు ఉంచెదను. ఆ పురుగు మిగుల బలముతో వ్రేళ్ళను త్రోయును. ఆ క్షణమున బాలుని భయము ఆశ్చర్యముగా మారును. దీనిని బట్టి, ఒక వైపు పుస్తకములు ఉపయోగకరమే అయినను, మరియొక వైపు…”

గుక్క తిప్పుకోలేదు. సీసాలూ, చిల్లులూ, సోమవారం ఈగలూ, తాతలూ అన్నీ వచ్చాయి. ఏప్రిల్ నెలంతా కారులో విన్నవన్నీ ఎనభై వాక్యాల్లో పొందికగా ఇమిడిపోయాయి. బ్లాస్ ఎత్తిన చెయ్యి మెల్లగా బల్ల మీదికి దించాడు. ఒకసారి నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. ఆమె ఆగి అతని వైపు చూసేసరికి ఇచ్చిన సమయం పూర్తయింది.

“మీరేమంటారు?” అని ఆవిడ బ్లాస్‌ను పేరు పెట్టి అడిగింది.

“నేను అంగీకరించుచున్నాను,” అన్నాడు బ్లాస్.

ఆవిడ ఇంకా చెప్పమన్నట్టు ఎదురుచూసింది.

“ఆమె అంతయూ చెప్పినది.”

మూలనున్న ఆయన ఏదో రాసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో కిటికీ అద్దాలు దించారు. ఎండకు ఆలివ్ తోటలు తెల్లబోయి ఉన్నాయి. బ్లాస్ కనిపెట్టాడనే ఎన్కార్నా అనుకుంది. ఒక విధంగా కనిపెడితే బాగుండుననిపించింది. చివరికి అతనే స్పానిష్‌లో అన్నాడు:

“ఎంత పని చేశానే! ఆ ఒక్క మాట. నువ్వు అందుకోకపోతే ఆ కుర్చీలోనే శిలైపోయేవాణ్ణి. నన్ను కాపాడదామనే గదా నువ్వు అందుకున్నావు. ఆ తర్వాత మళ్ళీ మాటల్లోకి రావడానికి నాకే దారి దొరకలేదు.”

ఆమె రోడ్డు వైపే చూసింది. “అలా జరుగుతుంటుందిలే,” అంది.

“కానీ ఒక్కటి మాత్రం చచ్చేంత నవ్వొచ్చింది,” అన్నాడు. “నువ్వు! పేడపురుగు! బొద్దింక కనిపిస్తే బల్లెక్కి నన్ను కేకేసే మనిషివి!” అని ఒక్కడే నవ్వాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఎన్కార్నా కూడా నవ్వాల్సి వచ్చింది.

ఫలితాలు జూలై మధ్యలో వచ్చాయి. ఎన్కార్నా బాగానే పాసైంది. బ్లాస్‌కు రాతలో, చదువులో ఆమె కంటే ఎక్కువే వచ్చాయి. మాటల భాగం ముంచేసింది. మొత్తం మీద నాలుగు మార్కులు తక్కువ. అతను ఫోన్ చేసి ముందు ఆమెను అభినందించాడు, తర్వాతే తన సంగతి చెప్పాడు. వెనక నుంచి తోన్యీ గొంతు వినిపించింది: “ఆదివారం రమ్మను, పండగ చేసుకుందాం. ఒకరైనా గట్టెక్కారు!” వంట్లో బాగోలేదని ఎన్కార్నా వెళ్ళలేదు.

సెప్టెంబరు మొదటి సమావేశంలో హినేస్ పనులు పంచిపెట్టాడు. సైన్సు ఎన్కార్నాకు, దానితోపాటు రెండు భాషల పథకానికి కోఆర్డినేటర్ పదవి. బ్లాస్‌కు భోజనశాల, లైబ్రరీ. డిసెంబరులో మళ్ళీ పరీక్ష రాస్తానని బ్లాస్ అన్నాడు.

“రాయండి, తప్పకుండా రాయండి,” అన్నాడు హినేస్. “కానీ ఉన్నది ఒక్క పోస్టే కదా. మేలోనే ఎన్కార్నాకి చెప్పాను. ఇద్దరూ పాసై ఉంటే సీనియారిటీ ప్రకారం మీకే ఇచ్చేవాళ్ళం. మీ అదృష్టం అలా ఉంది.”

బ్లాస్ ఎప్పటిలాగే ఆ మాటను నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. సమావేశం ముగిసి అందరూ వెళ్ళేదాకా కూర్చున్నాడు. ఎన్కార్నా సంచి సర్దుకుంటుంటే అడిగాడు:

“మేలో ఎప్పుడు?”

“పద్దెనిమిది.”

“గురువారం.” వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. “ఆ తర్వాత పరీక్షతో కలిపి పదిసార్లు నా కారెక్కావు.”

“బ్లాస్, నేను చెబుదామనుకున్నాను. నిజంగా. నువ్వు కంగారు పడతావని…”

“ఆ గదిలో ఎంతదాకా లెక్కపెట్టావు?”

ఆమె సంచి జిప్పు లాగింది. అతనికి జవాబు దొరికింది.

“చెప్పి ఉంటే నాకు వదిలేసేవాడివా?” అంది చివరికి, గొంతు పెంచి. “చెప్పు. ఇరవై నాలుగేళ్ళుగా అంతా నీ చుట్టూనే తిరిగింది. ఒక్కసారి నాకు వదిలేసేవాడివా?”

బ్లాస్ చాలాసేపు ఆలోచించాడు. అబద్ధం చెప్పడం అతనికి స్పానిష్‌లో కూడా చేతకాదు.

“వదిలేవాణ్ణి కాదు,” అన్నాడు. “పోట్లాడుకునేవాళ్ళం. నీ మొహం నేను, నా మొహం నువ్వు చూసుకోకుండా ఏడాది గడిపేవాళ్ళం. అది మర్యాదగా ఉండేది.”

ఆ తర్వాత అతను ఆమెతో మాట్లాడటం మానలేదు. గుడ్ మార్నింగ్ చెబితే గుడ్ మార్నింగ్ అనేవాడు. అంతే. తోన్యీ మాత్రం బజారులో ఎదురుపడితే వీధి దాటి అవతలి వైపు నడిచేది, నొప్పి మోకాలితోనే.

ఎన్కార్నా పాఠాలు మొదలయ్యాయి. తల్లిదండ్రులు ముచ్చటపడ్డారు. పిల్లలు పువ్వు భాగాల పేర్లు ఇంగ్లీషులో పాటలా పాడేవారు. హిమేనా అని తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి మొదటి వారంలోనే చెయ్యెత్తి స్పానిష్‌లో అడిగింది: “టీచర్, గాలి లేకపోతే పుప్పొడి ఎలా వెళ్తుంది?”

“ఇంగ్లీషులో అడుగమ్మా,” అంది ఎన్కార్నా.

హిమేనా నిలబడి కాసేపు వెతుక్కుంది. చెవులెర్రబడ్డాయి. కూర్చుంది. ఇంకోసారి చెయ్యెత్తలేదు. నెల తిరిగేసరికి ఎవరూ ఎత్తడం లేదు. తరగతి మహా నెమ్మదిగా, క్రమశిక్షణగా నడిచేది.

అక్టోబరు చివర్లో హినేస్ ఆమెను పిలిచాడు. భోజనశాల నుంచి పిల్లలు మధ్యాహ్నం తరగతులకు ఆలస్యంగా వస్తున్నారట. అక్కడ ఏవో పాఠాలు నడుస్తున్నాయని ఒక తండ్రి ఫిర్యాదు చేశాడట. “మీరు కోఆర్డినేటర్ కదా, మీరే ఒక మాట చెప్పండి. నేను చెబితే బాగుండదు.”

ఆమె వెళ్ళేసరికి భోజనశాలలో బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒక్క బల్ల చుట్టూ మాత్రం పాతికమంది పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. మధ్యలో బ్లాస్, మెడలో భోజనశాల ఏప్రన్. ఆ రోజు పండు దానిమ్మ. కత్తి వాడకుండా దాన్ని గదుల గోడల వెంట విప్పి పెట్టాడు. ఎన్ని గదులు? ఏ గదిలో గింజలు ఎక్కువ? ఎందుకని? పిల్లలు అరుస్తున్నారు. అందరికంటే గట్టిగా అరుస్తున్నది హిమేనా. గోడ పక్క గింజ చిన్నగా ఎందుకుందో, లోపలి గింజలకు నీళ్ళెలా అందుతాయో, మొదట పువ్వులో ఇవి ఎక్కడున్నాయో ఒకదాని మీద ఒకటి అడుగుతోంది. ఒక్కొక్క ప్రశ్నకూ బ్లాస్ ఆగి, ఆలోచించి, “నువ్వేమనుకుంటున్నావు?” అని తిరిగి అడుగుతున్నాడు.

ఎన్కార్నాను చూసి పిల్లలు సద్దుమణిగారు.

“బ్లాస్, ఇక్కడ పాఠాలు వద్దన్నారు,” అంది.

“ఎవరు?”

“డైరెక్టరు. గంట కొట్టగానే పంపించేయమన్నారు.”

“స్పానిష్‌లో చెప్పొద్దన్నారా, అసలు చెప్పొద్దన్నారా?”

“అసలే.”

అతను తల ఊపాడు. చేతులు ఏప్రన్‌కు తుడుచుకున్నాడు. “తినెయ్యండి పిల్లలూ,” అన్నాడు. “టీచరు గారి క్లాసుకి ఆలస్యమవుతుంది.”

పిల్లలు గింజలు పిడికెళ్ళతో నోట్లో వేసుకుని, కుర్చీలు లోపలికి జరిపి, ఒకరి వెనక ఒకరు ఆమెను దాటుకుంటూ వెళ్ళారు. హిమేనా ఆఖరున వెళ్ళింది. ఆమె వైపు చూడలేదు. బ్లాస్ బల్ల మీది తొక్కలు పళ్ళెంలోకి తీశాడు, తడి గుడ్డతో ఎర్రటి మరకలు తుడవడం మొదలుపెట్టాడు. సాయం చేద్దామన్నట్టు ఎన్కార్నా ఒక అడుగు ముందుకు వేసింది.

“వద్దులే. ఇది నా డ్యూటీ,” అన్నాడు బ్లాస్, తలెత్తకుండా.

ఆమె కాసేపు అక్కడే నిలబడి, తర్వాత తరగతికి వెళ్ళింది. పిల్లలు అప్పటికే పుస్తకాలు తెరుచుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆమె లోపలికి రాగానే అందరూ లేచి ఇంగ్లీషులో గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్పారు, ఒకే గొంతుతో, ఒక్క తప్పు లేకుండా.